పేరు మారితే జవాబు మారుతుందా? సోషియాలజీ క్లాసులో నేర్పే లెక్క ఇదే

ఒకే డిగ్రీ. ఒకే అనుభవం. దరఖాస్తు మీద మార్చింది పేరు మాత్రమే.

ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, అమెరికా సోషియాలజిస్టు పాల్ అటెవెల్ కలిసి మన దేశంలో చేసిన పరీక్ష ఇది. ప్రైవేటు కంపెనీలు పేపర్లలో ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉన్న దరఖాస్తుల్లో కొన్నింటి మీద పై కులాల హిందూ పేర్లు, కొన్నింటి మీద దళిత పేర్లు, కొన్నింటి మీద ముస్లిం పేర్లు పెట్టారు. ఇంటర్వ్యూకి రమ్మని ఎవరికి కబురు వచ్చిందో లెక్క రాసుకున్నారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు కబురు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే.

"పేరు చూసి పక్కన పెట్టేశారు" అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. కానీ ఇంట్లో అనుకునే మాటకూ, లెక్క కట్టి చూపించిన మాటకూ తేడా ఉంది. మొదటిది బాధ, రెండోది ఆధారం. యూనివర్సిటీ సోషియాలజీ కోర్సుల్లో జాతి, అధికారం, అసమానత అనే పాఠాలు చేసే పని బాధను ఆధారం దాకా తీసుకెళ్లడం. ఆధారం దొరక్కపోతే, ఆ సంగతి కూడా ఒప్పుకోవడం.

డిగ్రీ అడ్మిషన్ల సమయంలో ఏ అమ్మాయో అబ్బాయో "సోషియాలజీ తీసుకుంటా" అంటే ఇంట్లో పెద్దవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. ఇది చదివితే ఉద్యోగం వస్తుందా అన్నది మొదటిది. పిల్లలు లేనిపోని కోపం నేర్చుకుంటారేమో అన్నది రెండోది. అమెరికాలో చదివే పిల్లలు ఇలాంటి కోర్సు పేరు చెబితే రెండో అనుమానం ఇంకా ఎక్కువ. అందుకే అసలు ఆ క్లాసులో ఏం చెబుతారో ఒకసారి చూద్దాం.

మూడు మాటలు, మూడు ప్రశ్నలు

మొదటి మాట 'రేస్'. తెలుగులో జాతి అంటాం గానీ ఆ మాటను దేశానికీ, కులానికీ కూడా వాడేస్తాం. ఉర్దూలో 'నస్ల్' అంటే అసలు అర్థానికి కాస్త దగ్గరగా ఉంటుంది. ఒంటి రంగు, ముఖం, పుట్టుక చూసి మనుషుల్ని గుంపులుగా విడగొట్టడం. ఆ గుంపుల్ని ఎవరు తయారు చేశారు అన్నది ఇక్కడి ప్రశ్న.

రెండో మాట అధికారం. ఎమ్మెల్యే, కలెక్టర్ దగ్గర ఉండేది మాత్రమే అధికారం కాదు. ఏ ఫారంలో ఏ గడి ఉండాలో, ఏ పేటకు లోన్ ఇవ్వాలో, ఎవరి భాషలో పరీక్ష పెట్టాలో నిర్ణయించడం కూడా అధికారమే. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నది ప్రశ్న.

మూడోది అసమానత. ఒకడి దగ్గర ఎక్కువ, ఇంకొకడి దగ్గర తక్కువ ఉండటం అందరికీ కనిపిస్తుంది. అది తరం నుంచి తరానికి ఎలా చేరుతోంది అన్నది సోషియాలజీ అడిగే ప్రశ్న.

ఇంటింటికీ తిరిగిన డుబాయిస్

ఈ పాఠాలు ఎక్కువగా ఒక మనిషితో మొదలవుతాయి. ఆయన డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. 1868లో పుట్టారు. 1895లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్న మొదటి నల్లజాతి మనిషి. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆయన్ని ఫిలడెల్ఫియా నగరంలోని నల్లజాతివారి పేటను అధ్యయనం చేయమని పిలిచింది. పని అప్పజెప్పారు గానీ, క్లాసు చెప్పే అవకాశం మాత్రం ఇవ్వలేదు.

పేదరికం, నేరాలు నల్లవాళ్ల పుట్టుకలోనే ఉన్నాయని చాలామంది నమ్మే రోజులవి. డుబాయిస్ వాదనకు దిగలేదు. చేతిలో ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఎవరు ఏ పని చేస్తున్నారు, అద్దె ఎంత, చదువు ఎంత, పని ఎందుకు పోయింది అని రాసుకున్నారు. 1899లో వచ్చిన ఆయన పుస్తకం 'ద ఫిలడెల్ఫియా నీగ్రో' చెప్పింది ఒక్కటే. సమస్య రక్తంలో లేదు. బానిసత్వం మిగిల్చిన చరిత్రలో, మంచి ఉద్యోగాల తలుపులు మూసెయ్యడంలో, ఎక్కువ అద్దెకు పాడుబడిన ఇళ్లలో ఉండాల్సి రావడంలో ఉంది. ఆ పేటలో అందరూ ఒకటి కాదని కూడా ఆయన చూపించారు. బాగా స్థిరపడ్డ కుటుంబాలున్నాయి, కష్టపడి బతికేవాళ్లున్నారు, దారి తప్పినవాళ్లున్నారు. తన వాళ్ల లోపాలను దాచిపెట్టలేదు.

ఒంట్లో లేని గీత, కాగితం మీద ఉంది

జాతి అనేది ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు గీసింది అని ఈ కోర్సుల్లో చెబుతారు. వినడానికి వింతగా ఉంటుంది. రంగు కళ్లకు కనబడుతోంది కదా అనిపిస్తుంది. దీనికి మన దేశపు మనిషి కేసే మంచి ఉదాహరణ.

భగత్ సింగ్ థింద్ పంజాబ్ నుంచి అమెరికా వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో 'తెల్లవారికి', ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వం. 1922లో ఒక జపాన్ మనిషి కేసులో సుప్రీంకోర్టు, తెల్లవారు అంటే 'కాకేసియన్' జాతి వాళ్లు అని చెప్పింది. అప్పటి శాస్త్రవేత్తలు ఉత్తర భారతీయులను కూడా కాకేసియన్లలోనే లెక్కేసేవారు. థింద్ తరఫు వాదన కూడా అదే. సుమారు మూడు నెలలకే, 1923లో అదే కోర్టు మాట మార్చింది. శాస్త్రం ఏం చెప్పినా సరే, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడు అనుకుంటాడో వాడే తెల్లవాడు అని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత చాలామంది భారతీయుల పౌరసత్వాలు రద్దయ్యాయి. 1946లో చట్టం మారేదాకా మన వాళ్లకు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఈరోజు డాలస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది పాత కథలా అనిపించొచ్చు. కానీ గీత ఇప్పటికీ కదులుతూనే ఉంది. అరబ్బులను, ఇరానీలను అమెరికా ప్రభుత్వ లెక్కల్లో ఇన్నాళ్లూ 'తెల్లవారు' కిందే రాశారు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వారికి విడిగా ఒక గడి పెట్టాలని 2024 మార్చిలో నిర్ణయించారు. మనుషులు మారలేదు, ఫారం మారింది. ఏ గుంపు ఎంత ఉంది, ఎంత వెనకబడింది అనే లెక్క ఆ ఫారం నుంచే మొదలవుతుంది.

చెడ్డవాడు లేకుండానే అన్యాయం

అన్యాయం అంటే ఎవరో ఒక దుర్మార్గుడు ఉండి తీరాలని మనం అనుకుంటాం. ఈ పాఠాల్లో కష్టమైన భాగం అదే. దుర్మార్గుడు లేకపోయినా అన్యాయం నడవగలదు.

1930ల్లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి, హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్, 200కు పైగా నగరాల మ్యాపులు గీయించింది. లోన్ ఇస్తే తిరిగి వస్తుందని నమ్మకం ఉన్న పేటకు ఆకుపచ్చ రంగు. ప్రమాదం అనుకున్న పేటకు ఎరుపు. నల్లజాతివారు ఉండే పేటలకు దాదాపు అన్నిచోట్లా ఎరుపే పడింది. ఇళ్ల లోన్లకు బీమా ఇచ్చే మరో ప్రభుత్వ సంస్థ కూడా అలాంటి పేటలను పక్కన పెట్టింది. 1968లో చట్టం చేసి ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించారు.

మరి సమస్య అక్కడితో తీరిపోవాలి కదా? తీరలేదు. ఖాతా పుస్తకం రాసే ఎవరికైనా కారణం ఇట్టే అర్థమవుతుంది. పోయిన ఏడాది ముగింపు నిల్వే ఈ ఏడాది తొలి నిల్వ. 1940లో లోన్ దొరికిన కుటుంబం ఇల్లు కొంది. ఇంటి ధర పెరిగింది. దాని మీద పిల్లల కాలేజీ ఫీజులు కట్టారు, చివరికి ఇల్లు పిల్లలకే వచ్చింది. లోన్ దొరకని కుటుంబం అద్దె కడుతూ పోయింది. అమెరికాలో స్కూళ్ల ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇళ్ల పన్ను నుంచి వస్తుంది. అంటే ఇళ్ల ధర తక్కువున్న చోట స్కూలుకు వచ్చే స్థానిక డబ్బూ తక్కువే. ఇవాళ బ్యాంకు మేనేజర్ ఎంత మంచివాడైనా తొలి నిల్వ మాత్రం మారదు.

అందుకే ఈ కోర్సుల్లో జీతం వేరు, ఆస్తి వేరు అని పదే పదే చెబుతారు. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు చేసిన సర్వే ప్రకారం మధ్యస్థ తెల్ల కుటుంబం నికర ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లు. దాదాపు ఆరు రెట్ల తేడా.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఒక సంగతి ఉంది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు 'నెగెటివ్' లేదా 'రెడ్' జోన్లుగా గుర్తించాయని, అక్కడ అప్పులు తేలిగ్గా దొరకడం లేదని ఆ నివేదిక రాసింది. అమెరికాలో మ్యాపుకు పూసిన రంగు, ఇక్కడ బ్యాంకులు వాడిన మాట, రెండూ ఒకటే.

అంబేడ్కర్ రాసిన ఉత్తరం

అమెరికా జాతి సమస్యనూ మన కుల సమస్యనూ కలిపి చదవడం ఇప్పటి ఫ్యాషన్ ఏమీ కాదు. 1946లో డాక్టర్ అంబేడ్కర్ స్వయంగా డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివారి స్థితికీ, అమెరికాలో నల్లవారి స్థితికీ చాలా పోలిక ఉందని, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న అర్జీ ప్రతులు తనకు కావాలని అడిగారు. డుబాయిస్ సానుభూతితో జవాబు రాశారు.

అయితే పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే కాదు. రంగు కంటికి కనిపిస్తుంది, కులం కనిపించదు. పేరు, ఊరు, పేట, పెళ్లి సంబంధం ద్వారా బయటపడుతుంది. ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు అని విడదీసి చూడటం కూడా క్లాసులో పనే.

మన ఇంటి లెక్క కూడా రాయాలి

మన కుటుంబాలకు ఇబ్బందిగా ఉండే భాగం ఇక్కడ వస్తుంది. అసమానత గురించి చదివే విద్యార్థి బయటివాళ్ల పుస్తకమే చూసి ఊరుకోడు, ఇంటి పుస్తకం కూడా తెరుస్తాడు.

మస్జిద్‌లో సఫ్ ఒక్కటే. కానీ నికా మాట వచ్చేసరికి 'ఖాందాన్ ఏంటి' అనే ప్రశ్న ముందు వస్తుంది. సోషియాలజిస్టు ఇమ్తియాజ్ అహ్మద్ 1970ల్లోనే భారతీయ ముస్లింలలో కులం లాంటి అంతరాల మీద పరిశోధనా వ్యాసాలను పుస్తకంగా తెచ్చారు. సచార్ నివేదిక కూడా అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే తేడాలను చర్చించింది.

తెలుగు రాష్ట్రాల్లో ఇది నేరుగా రిజర్వేషన్లతో ముడిపడిన విషయం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ వారు బీసీ-బీలో ఉన్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఈ పేరుతో 4 శాతం ఇచ్చినప్పుడు 14 వర్గాలను చేర్చారు. కురేషీ, హజామ్, ధోబీ ముస్లిం, ఫకీర్, గారడీ ముస్లిం, షేక్ లాంటి వర్గాలు అందులో ఉన్నాయి. సయ్యద్, మొఘల్, పఠాన్ వర్గాలు లేవు. అంతకు ముందు ముస్లింలు అందరికీ కలిపి 5 శాతం ఇవ్వబోతే కోర్టులో నిలవలేదు. 2010లో హైకోర్టు 4 శాతం చట్టాన్ని కూడా కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. 'ముస్లింలు అందరూ ఒకటే' అనే మాట సభలో బాగుంటుంది. కోర్టులో మాత్రం ఎవరు, ఏ పనిలో, ఎంత వెనకబడ్డారనే లెక్క అడుగుతారు.

ఆ 14 వర్గాల్లో సిద్దీలు కూడా ఉన్నారు. వీరి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం. రోజూ ఆటోలో చెప్పే స్టాపు పేరులోనే 'నస్ల్' చరిత్ర ఉంది. జాతి అంటే అమెరికా గొడవ అనుకునేవారు ముందు ఆ పేట దాకా వెళ్లి రావచ్చు.

ఒకే ప్రశ్న, రెండు జవాబులు

మొదట్లో చెప్పిన దరఖాస్తుల పరీక్ష దగ్గరికి మళ్లీ వద్దాం. అలాంటి పరీక్ష అమెరికాలోనూ జరిగింది. బోస్టన్, షికాగో నగరాల్లో సుమారు 5,000 దరఖాస్తులు పంపిన ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో ఫలితాలు ప్రకటించారు. నల్లజాతి పేర్ల కంటే తెల్లవారి పేర్లకు 50 శాతం ఎక్కువ కబుర్లు వచ్చాయి.

అయితే 2009లో అచ్చయిన మరో పరిశోధన ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగాలకు 3 వేలకు పైగా దరఖాస్తులు పంపి చూశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి వివక్ష కనబడలేదు. కాల్ సెంటర్లలో ఓబీసీ పేర్లకు తేడా కనిపించింది. ముస్లిం పేర్ల మీద మాత్రం వివక్ష ఉందని ఆ పరీక్షలో తేలలేదు.

ఏది నిజం? మంచి లెక్చరర్ అయితే రెండూ బోర్డు మీద రాసి, విద్యార్థులనే అడుగుతారు. ఉద్యోగాలు ఒకటేనా? ఊళ్లు ఒకటేనా? కోడింగ్ వస్తే చాలు అనే చోట పేరును ఎవరూ పట్టించుకోరా? ఎదుటివాళ్లతో మాట్లాడాల్సిన ఉద్యోగంలో మాటతీరు చూస్తారా? ఇంటర్వ్యూకి పిలవడం వేరు, ఉద్యోగం ఇవ్వడం వేరు కదా? ఇలా అడగడం వస్తే ఆ విద్యార్థి 'అంతా వివక్షే' అని అనడు, 'వివక్షే లేదు' అని కూడా అనడు. ఎక్కడ, ఎంత, ఎందుకు అని అడుగుతాడు.

మరి అభ్యంతరాలు?

ఈ పాఠాల మీద విమర్శలు లేకపోలేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీల బోర్డు 2024 జనవరిలో, విద్యార్థులు ఎంచుకునే తప్పనిసరి కోర్సుల జాబితా నుంచి సోషియాలజీ పరిచయ కోర్సును తీసేసింది. సోషియాలజీ పేరుతో రాజకీయాలు నేర్పుతున్నారని సమర్థించినవారి వాదన. సమాజం గురించి చదవడాన్నే రాజకీయం అంటే ఎలా అని అధ్యాపకుల వాదన.

భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. జవాబు ముందే చెప్పేసి, దానికి తగ్గ ఉదాహరణలు మాత్రమే చూపించే క్లాసు ఎక్కడైనా ఉండొచ్చు. తన పుట్టుకే తన నేరం అని ఒక పిల్లాడికీ, నువ్వు ఎంత కష్టపడినా లాభం లేదు అని ఇంకో పిల్లాడికీ అనిపించేలా చేస్తే అది చదువు కాదు. కానీ దానికి మందు పాఠం తీసెయ్యడం కాదు, మంచి పాఠం చెప్పడం. క్లాసు మంచిదో కాదో పెద్దవాళ్లు కనుక్కోవడం తేలికే. ఇంటికొచ్చిన పిల్లల్ని "ఇవాళ ఎవరిని తిట్టారు?" అని కాకుండా "ఇవాళ ఏ లెక్క చూపించారు, దానికి ఎదురు లెక్క ఏంటి?" అని అడగాలి. రెండో ప్రశ్నకు జవాబు ఉంటే క్లాసు బాగున్నట్టే.

ఉద్యోగం సంగతి

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో భారతీయ సమాజం, రాజ్యాంగం, పాలన మీద ఒక పేపరే ఉంది. గ్రూప్-2లో సమాజ నిర్మాణం, సమస్యలు సిలబస్‌లో భాగం. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. పీజీ చేసి నెట్ రాస్తే కాలేజీ అధ్యాపకుల పోస్టులకు పోటీ పడొచ్చు. ఎంఏ చేయాలంటే ఉస్మానియాకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ రాయాలి. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో సోషియాలజీ ఉర్దూ మాధ్యమంలో ఉంది.

ఈ విషయంలో మన గడ్డకు పాత పేరే ఉంది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను చదివి రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వచ్చింది. భారతీయ గ్రామాల గురించి చదివేవారు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు.

సచార్ లెక్కల ప్రకారం 2001లో దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో మాత్రం 3 శాతం. ఈ అంకె ఇరవై ఏళ్లుగా మన సభల్లో వినబడుతూనే ఉంది. అది ఎలా వచ్చింది, ఇప్పుడు ఎంతుంది, ఎక్కడ తెగిపోతోంది, స్కూల్లోనా, కోచింగ్‌లోనా, ఇంటర్వ్యూలోనా అని వెతికి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆ పని చేయడానికి మన పిల్లల్లో కొందరైనా కావాలి.

ఈసారి ఇంట్లో ఎవరైనా "పేరు చూసి ఇవ్వలేదు" అంటే, పక్కనే కూర్చున్న సోషియాలజీ అమ్మాయి "మనకు ఎలా తెలుసు?" అని అడిగితే కసురుకోవద్దు. సంబంధం చూసేటప్పుడు "వాళ్ల ఖాందాన్ ఏంటి?" అని మనమే అంటే, అప్పుడూ ఆ అమ్మాయి "ఎందుకు?" అని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలకూ మన దగ్గర నిజమైన జవాబు ఉండాలి.